పిన్ని అనడానికి ఆధారాలు

బసవపున్నమ్మను మోసం చేయగలిగినవాడు వేపలమడుగులో ఇంకా పుట్టలేదు. పుట్టామనుకున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు గానీ, వాళ్ళు ఇప్పటికీ ఆమె కొట్టు ముందునుంచి పోవాల్సి వస్తే చుట్టూ తిరిగి పక్క సందులోంచి పోతారు.

పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ వంటసామాను అద్దెకిచ్చే కొట్టు ఆమెది. గంగాళాలు, డేగిసాలు, బూరెల మూకుళ్ళు, బారెడు కాడల గరిటెలు. సామాను ఇచ్చేటప్పుడు ప్రతి గంగాళం మీదా గరిటెతో ఒక దెబ్బ కొట్టి చప్పుడు వింటుంది. తిరిగి వచ్చాక ఇంకో దెబ్బ కొడుతుంది. "సొట్ట తీయించి తెచ్చావా నాయనా? గొంతు బొంగురు పోయిందే దీనికి" అంటుంది. తెచ్చినవాడు సొట్టకు దండుగ కట్టి పోతాడు. వయసు డెబ్బై ఒకటి. భర్త పోయాక, సామాను పట్టీ పరాయివాళ్ళ చేత రాయించుకోవడం ఇష్టంలేక, యాభై ఆరో ఏట వయోజన విద్యాకేంద్రానికి పోయి అక్షరాలు నేర్చుకుంది. ఇప్పటికీ వేలు పెట్టి కూడబలుక్కుంటూనే చదువుతుంది. అట్లా చదివేవాళ్ళకు ఒక లాభం ఉంది. గబగబా చదివేవాళ్ళ కన్నుగప్పి పారిపోయే మాటలు వీళ్ళ వేలి కింద దొరికిపోతాయి.

అటువంటి మనిషిని మోసాలనుంచి కాపాడాలని జిల్లాలో పెద్దలు సంకల్పించారు.

సంకల్పం మంచిదే. ఫోన్లు చేసి ముసలివాళ్ళ సొమ్ము ఊడ్చుకుపోయే దొంగలు నిజంగానే ఎక్కువయ్యారు. దాని మీద నిపుణుల సంఘం ఒకటి వేశారు. ఆ సంఘంవారు దొంగల ఫోన్ మాటలు రెండొందలు సేకరించి, నాలుగు నెలలు చెవులొగ్గి విని, ఒక గొప్ప సంగతి కనిపెట్టారు. నూటికి తొంభై ఆరు మోసాల్లో దొంగ నోటి వెంట వచ్చిన మొదటి మాట "అమ్మా" అనో, "తాతగారూ" అనో, "బాబాయ్" అనో ఉంది. మిగతా నాలుగింటిలో లైను సరిగా వినపడలేదు.

కాబట్టి మోసానికి మూలం వరస అని తేలింది. వాన పడ్డప్పుడల్లా గొడుగులు కనిపిస్తున్నాయి గనక గొడుగులే వాన తెస్తున్నాయని తేల్చినట్టు.

వారం తిరక్కుండా "వయోధికుల రక్షణార్థం సంబోధనా నియంత్రణ ఉత్తర్వు" వచ్చేసింది. దాన్ని అమలుపరచడానికి వేపలమడుగులో పాత ఎరువుల గోదాము ఖాళీ చేయించి ప్రత్యేక విభాగం తెరిచారు. ప్రత్యేకాధికారిగా తాడికొండ సత్యప్రసాదు గారు కూర్చున్నారు. మనిషి మంచివాడే. ఒక్కటే లోపం. ఏ కాగితం మీదైనా సంతకం ఉంటే చాలు, అందులో రాసిందంతా నిజమని నమ్ముతాడు.

*

బసవపున్నమ్మ సామాను మోసేది మస్తాన్ వలి ట్రాలీ ఆటో. ఇరవై రెండేళ్ళుగా ఆమె గంగాళాలు అతని బండిలోనే పోతాయి, అతని బండిలోనే వస్తాయి. సామానే కాదు, బ్యాంకుకైనా ఆసుపత్రికైనా ఆమెను తీసుకుపోయేది అతనే. ఆమెను "పిన్నీ" అంటాడు. ఎందుకంటావురా అని ఊళ్ళో ఒక్కరూ అడగలేదు. కాకిని కాకి అని ఎందుకంటావని ఎవరడుగుతారు?

ఆ సోమవారం బ్యాంకులో వరుసలో నిలబడి ఉండగా మస్తాను అన్నాడు: "పిన్నీ, కళ్ళజోడు తెచ్చుకున్నావా?"

అంతే. ఆకుపచ్చ చొక్కా తొడుక్కున్న మనిషొకడు తలుపు పక్కనుంచి ఊడిపడ్డాడు. మెడలో "సంబోధనా పరిశీలకుడు" అని బిళ్ళ వేలాడుతోంది.

"ఈ వయోధిక పౌరురాలు నీకేమవుతుంది?"

"పిన్ని సార్."

"నీ పేరు?"

"మస్తాన్ వలి."

"ఆమె పేరు?"

"బసవపున్నమ్మ."

పరిశీలకుడు ఆ రెండు పేర్లూ పక్కపక్కన రాసుకుని, కాసేపు వాటినే చూసి, చివరికి పులిని పట్టినవాడిలా నవ్వాడు. మధ్యాహ్నానికల్లా మస్తాను ఫోనూ, ఆటోనూ ప్రత్యేక విభాగం ఆవరణలో ఉన్నాయి. ఆటో అద్దానికి ఒక కాగితం అంటించారు. ప్రలోభమునకు వినియోగించిన వాహనము అని దాని మీద రాసి ఉంది. ఇరవై ఒక్క రోజుల్లో వరస రుజువు కాకపోతే వేలం.

బసవపున్నమ్మ ఆ సాయంత్రమే గోదాముకు పోయింది. గుమ్మంలో బంట్రోతు ఏసోబు స్టూలు వేశాడు. అలవాటుగా "కూర్చో పెద్..." అని, నాలుక కరుచుకుని, గోడకు అంటించిన అట్ట చూసి చదివాడు. "కూర్చొనుము, వయోధిక పౌరురాలు గారూ."

"ఏందిరా ఏసోబూ, ఒంట్లో బాలేదా?"

సత్యప్రసాదు గారు లోపలికి పిలిచారు. "వయోధిక పౌరురాలు గారూ, మీరు ఎంతమాత్రమూ భయపడవలసిన పనిలేదు. సదరు మస్తాన్ వలినుండి మిమ్ములను పూర్తిగా కాపాడియున్నాము."

"వాడినుంచి నన్ను కాపాడటమేంది నాయనా? నన్ను వంద చోట్లకు మోసుకుపోయింది వాడేగా!"

"అదే ప్రలోభ లక్షణము," అన్నారాయన, టైపిస్టు సుకన్య వైపు తిరిగి. "రాసుకోండి. బాధితురాలు ఇంకను భ్రమలోనే యున్నది."

"వాడు నా సొమ్ము ఒక్క గరిటె కూడా ముట్టలేదు."

"ఇరవై రెండేళ్ళుగా ముట్టలేదా?" సత్యప్రసాదు గారి కనుబొమలు లేచాయి. "చూశారా, ఎంత ఓపిక! పెద్ద పథకమే అయి ఉండాలి."

దేవుడితో వాదించవచ్చు గానీ అచ్చు కాగితంతో వాదించలేమని బసవపున్నమ్మకు తెలుసు. ఉత్తర్వు ప్రతి ఒకటి అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి నడుముకు దోపుకుని బయటికొచ్చింది.

ఉత్తర్వులో ఇంకొక నిబంధన ఉంది. విచారణ తేలేదాకా అనుమానితుడు వయోధికులకు వంద గజాల దూరంలో ఉండాలి. ఏసోబు టేపు పట్టుకొచ్చి, బసవపున్నమ్మ కొట్టు గడపనుంచి కొలిచి, టీకొట్టు దగ్గర కల్వర్టు మీద సున్నంతో గీత గీశాడు. మర్నాటినుంచి మస్తాను ఆ గీతకు అవతల నిలబడేవాడు. ఫోను లేదు, బండి లేదు. గొంతు ఒక్కటే ఉంది.

"ఓ... వయోధిక పౌరురాలు గారో...! తిన్నావా...?"

"తిన్నాలే...! నువ్వో...?"

"తిన్నా...! షుగరు మాత్ర వేసుకున్నావా...?"

"వీధంతా వినాలంటరా నా షుగరు సంగతి...?"

టీకొట్టు దగ్గర బెంచీల మీద జనం పడిపడి నవ్వేవాళ్ళు. మస్తాను మాత్రం నవ్వేవాడు కాదు. బండి కొన్న అప్పు తీరాలంటే బండి నడవాలి. ఆ నెలలో మూడు పెళ్ళిళ్ళ సామాను అతని చేతిలోనే ఉంది. రెండో వారానికి ఒక పెళ్ళివారు పక్క ఊరినుంచి వేరే బండి తెచ్చుకున్నారు. ఆ బండి కల్వర్టు మీదుగా పోతుంటే మస్తాను సున్నపు గీత దగ్గర నిలబడి, గంగాళాలను తాడుతో సరిగా కట్టలేదని చూసి, చెప్పబోయి, ఊరుకున్నాడు. బసవపున్నమ్మ అది కొట్టులోంచి చూసింది. ఆ పూట అన్నం సహించలేదు ఆమెకు.

*

ఈలోగా ఉత్తర్వు ఊరంతా పనిచేయడం మొదలుపెట్టింది.

బస్సు కండక్టరు "అరవై దాటిన ప్రయాణికులు గారూ, కాస్త ముందుకు జరగండి" అన్నాడు. బస్సులో ఒక్కరూ జరగలేదు. జరిగితే అరవై దాటినట్టేగా. కూరగాయలబ్బి సీతారావమ్మ గారి గుమ్మం ముందు ఆగి "వయోధిక పౌరురాలు గారూ, లేత వంకాయలు" అన్నాడు. అరవై రెండేళ్ళు నిండినట్టు ఆవిడ భర్తకు కూడా చెప్పలేదు. బుట్ట ఎత్తి వీధిలోకి విసిరింది. పాపం అతను వంకాయలు ఏరుకుంటూ "మొన్నటిదాకా అక్కా అంటే పావుకిలో ఎక్కువ తీసుకునేది" అని వాపోయాడు.

వరస ఉన్నవాళ్ళు రుజువు చేసుకోవడానికి కల్యాణమండపంలో "వరస నిర్ధారణ మేళా" పెట్టారు. మూడు తరాల వంశవృక్షం, పెద్దల మరణ పత్రాలు, రెండు ఫొటోలు తేవాలి. తాతను తాత అనడానికి ముత్తాత చచ్చిపోయినట్టు కాగితం కావాలి. కోటేశ్వరరావు అని ఒకతను తండ్రి వైపునుంచి చూస్తే బాబాయీ, పెళ్ళాం వైపునుంచి చూస్తే బావా అయ్యే మనిషి ఒకణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. "ఒక మనిషికి ఒక్కటే వరస, ఏదో ఒకటి వదులుకొనుడు" అన్నారు అధికారి. కోటేశ్వరరావు పెళ్ళాం ముఖం చూసి బాబాయిని వదులుకున్నాడు.

ఈ ఉత్తర్వు వల్ల నిజంగా సంతోషించినవాడు ఊళ్ళో ఒకే ఒక్కడు, రిటైరయిన హెడ్మాస్టరు వీరరాఘవులు గారు. వీధి పిల్లలు "తాతా, బంతి తాతా" అని గోడ ఎక్కడం ఆయనకు మొదటినుంచీ గిట్టదు. "భాషకు ఇప్పటికి ఒక మర్యాద వచ్చింది" అంటూ, పెద్దలను ఎట్లా పిలవాలో ఇరవై నాలుగు నమూనా వాక్యాలు రాసి ప్రత్యేక విభాగానికి ఉచితంగా ఇచ్చారు. ఏసోబు అట్ట మీద ఉన్నవి అవే.

మేళా అయిన మూడో రోజు వీరరాఘవులు గారికి ఫోను వచ్చింది.

"గౌరవనీయ వయోధిక పౌరులు శ్రీ వీరరాఘవులు గారికి నమస్కారములు. సంబోధనా నియంత్రణ ఉత్తర్వు రెండవ నిబంధన ననుసరించి, మీకును నాకును ఏ వరసా లేదని ముందుగా మనవి చేసుకొనుచున్నాను."

హెడ్మాస్టరు గారి కళ్ళు చెమర్చాయి. ఇంత చక్కటి తెలుగు ఫోనులో విని ఎన్నాళ్ళయింది! అవతలి మనిషి అడిగిన అంకెలన్నీ చెప్పారు. రెండోసారి అడిగితే రెండోసారీ చెప్పారు. భార్య మోకాళ్ళ ఆపరేషనుకని దాచింది మొత్తం పోయింది.

ఆ మనిషే గంట తరవాత బసవపున్నమ్మకు చేశాడు. "గౌరవనీయ వయోధిక పౌరురాలు గారూ, మీకును నాకును ఏ వరసా లేదని..."

"లేదు కదా?" అంది ఆమె.

"లేదండీ."

"మరి నా డబ్బు సంగతి నీకెందుకు?" అని పెట్టేసింది.

వీరరాఘవులు గారు గోదాముకు పరుగెత్తారు. అప్పటికి వారం రోజులుగా మస్తాను బండి సంగతి అడగడానికి రోజూ వచ్చి స్టూలు మీద కూర్చుంటున్న బసవపున్నమ్మ ఆ ముచ్చటంతా చెవులారా విన్నది.

"సంభాషణలో వాడు ఎక్కడైనా వరస వాడాడా?" అన్నారు సత్యప్రసాదు గారు.

"లేదండీ."

"బాబాయ్ అనిగానీ, తాతగారూ అనిగానీ, కనీసం పెద్దాయనా అనిగానీ?"

"అబ్బే. చాలా శుద్ధంగా మాట్లాడాడు."

సత్యప్రసాదు గారు కుర్చీలో వెనక్కి వాలారు. "అయితే ఉత్తర్వు ఉల్లంఘన జరగలేదు. ఇది మా పరిధిలో మోసము క్రిందకు రాదు. పైపెచ్చు ఆదర్శ సంభాషణ. మీ ఫోనులో రికార్డయి ఉంటే ఇప్పించండి, మా పరిశీలకుల శిక్షణలో వినిపించెదము."

వీరరాఘవులు గారు గోడకున్న అట్టకేసి చూశారు. తను రాసిన పదకొండో వాక్యాన్నే దొంగ అక్షరం పొల్లుపోకుండా వాడాడు. మెట్లు దిగిపోతుంటే బసవపున్నమ్మ లేచి ఆయన చెయ్యి పట్టుకుంది.

"అన్నయ్యగారూ, వదినగారి మోకాళ్ళ సంగతి నేనూ చూస్తాలే. పట్టణంలో ధర్మాసుపత్రి డాక్టరు కూతురి పెళ్ళికి సామాను మనదే."

అన్నయ్య అనిపించుకున్నందుకు ఆయన అభ్యంతరం చెప్పలేదు. ముక్కు చీదుకుని "సరేనమ్మా" అన్నారు. మూలన కూర్చున్న పరిశీలకుడు లేచి పుస్తకం తీయబోయాడు గానీ, బసవపున్నమ్మ అతని వైపు చూసిన చూపుకు మళ్ళీ కూర్చున్నాడు.

*

ఇరవయ్యో రోజున విచారణ పెట్టారు. మర్నాడు వేలం.

విచారణకు అనుమానితుడు హాజరు కావాలి. కానీ వయోధికురాలికి వంద గజాల దూరంలో ఉండాలి. రెండూ ఉత్తర్వులో ఉన్నవే గనక రెండూ జరగాలి. అందుకని మస్తాన్ వలిని రోడ్డు అవతల వంద గజాలు కొలిచి, సిమెంటు కొట్టు ముందు నిలబెట్టారు. ప్రశ్నలు మోయడం ఏసోబు పని.

"ఎన్నాళ్ళనుండి సదరు సంబోధన చేయుచున్నావో అడిగి రా."

ఏసోబు పరుగెత్తాడు. పరుగెత్తుకొచ్చాడు. "ఇరవై రెండేళ్ళట సార్."

"మొదటిసారి ఏ సందర్భములో?"

పోయాడు. వచ్చాడు. "బూరెల మూకుడు ఎత్తుతూనట సార్."

"దానివలన ఏ లాభము ఆశించెను?"

ఈసారి వచ్చేసరికి ఏసోబు నాలుక బయటికొచ్చింది. "లాభమేం లేదట సార్. ఇంకా... ఆమె పొద్దున మాత్ర వేసుకుందో లేదో అడిగి రమ్మన్నాడు సార్."

"రాసుకోండి," అన్నారు సత్యప్రసాదు గారు. "విచారణ మధ్యలో కూడా ప్రలోభమునకు పాల్పడినాడు."

"వేసుకున్నానని చెప్పిరారా ఏసోబూ," అంది బసవపున్నమ్మ. "నెమ్మదిగా పో. గుండె పగిలి చచ్చేవు."

తరవాత నడుములోంచి కాగితం తీసి, మడతలు విప్పి బల్ల మీద పరిచింది. ఇరవై రోజులు చదివిన కాగితం, మడతల దగ్గర చిరుగులు పట్టింది. కళ్ళజోడు పెట్టుకుని వేలు ఆనించింది.

"రెండో నిబంధన. బం-ధు-వు అ-న-గా, మూడు తరముల లోపల ఒకే రక్తము గలవారు. ఇదే కదా నాయనా?"

"అదియే."

"ఒకే రక్తం లేనివాళ్ళు అరవై దాటినవాళ్ళను వరస పెట్టి పిలిస్తే నేరం."

"నిస్సందేహముగా."

"మరి అత్తగారికీ అల్లుడికీ ఒకే రక్తం ఎట్లా ఉంటుంది?"

సుకన్య టైపు చేస్తున్న వేళ్ళు ఆగిపోయాయి.

"మేనరికమైతే ఉంటుందనుకో. మీది మేనరికమా?"

"కాదు..." అన్నారు సత్యప్రసాదు గారు. అనకుండా ఉండాల్సిందని ఆ మాట అన్నాక తెలిసింది.

"మీ అత్తగారు అనసూయమ్మ గారికి డెబ్బై ఎనిమిది. ఆవిడ మేడ మీదే మీ కాపురం. ఆవిణ్ణి ఏమని పిలుస్తారు?"

"అత్తయ్యగారూ అని... అదీ అందరూ..."

"అందరి సంగతి తరవాత. మొదట ఆ ఇల్లు ఆవిడ పేరున ఉండేది. పోయినేడు గృహప్రవేశానికి మీ పేరున కార్డు వేశారు. డేగిసాలు నావే గనక నాకు తెలుసు. వరస పెట్టి పిలిచారు, ఇల్లు చేతికొచ్చింది. నేననడం లేదు నాయనా, ఉత్తర్వు అంటోంది. ఇదిగో మూడో నిబంధన. వరసతో పిలిచి ఆస్తి లాభము పొందుట." వేలు కిందికి జరిపింది. "నాలుగోది. అందుకు వాడిన బండిని స్వాధీనపరచుకొనుట. రిజిస్ట్రారాఫీసుకు ఆవిణ్ణి దేంట్లో తీసుకెళ్ళారు?"

కిటికీలోంచి ఆవరణలో మస్తాను ఆటో కనిపిస్తోంది. దాని పక్కనే అధికారి గారి జీపు ఉంది. ఏసోబు కిటికీ దగ్గర నిలబడి, మొదట జీపునూ, తరవాత చేతిలో ఉన్న జిగురు డబ్బానూ చూసుకున్నాడు.

"ఇది ఉత్తర్వు యొక్క ఉద్దేశము కాదు!" అన్నారు సత్యప్రసాదు గారు.

"ఉద్దేశం ఏ పేజీలో రాశారు? నా వేలికి తగల్లేదే."

సుకన్య నెమ్మదిగా చెయ్యెత్తింది. "సార్, మా అత్తగారికి అరవై మూడు. నేను వంద గజాల దూరంలో ఉండాలంటే రాత్రికి ఎక్కడ పడుకోవాలి సార్?"

సత్యప్రసాదు గారు మంచినీళ్ళు తాగారు. అల్లుళ్ళూ కోడళ్ళూ అందరూ అనుమానితులైతే జిల్లాలో వంద గజాల ఖాళీ ఎక్కడా మిగలదని ఆయన లెక్కకు అందింది. ఉత్తర్వు తప్పని మాత్రం అనలేరు, దాని కింద సంతకం ఉంది. తప్పు అనలేని కాగితానికి సవరణ ఒక్కటే దారి. ఆయన చాలాసేపు పైకప్పు చూసి, ఇట్లా చెప్పి రాయించారు:

"ఎవరి స్థలమునైనను పన్నెండేండ్లు నిరాటంకముగా అనుభవించినవానికి దానిపై హక్కు కలుగునట్లే, రక్తసంబంధము లేని వరసను కూడ పన్నెండేండ్లకు పైబడి, బహిరంగముగా, ఎవ్వరి ఆక్షేపణయు లేకుండ వాడియున్నయెడల, అట్టి వరసపై అనుభవహక్కు సంక్రమించినట్లు భావించవలెను."

"అంటే?" అంది బసవపున్నమ్మ.

"అంటే నా అత్తగారు నాకు అత్తగారే."

"మస్తాను?"

"అతని వరస కూడ పరిశీలించి క్రమబద్ధము చేయవచ్చును. లోపలికి రానిమ్మనుడు."

ఇరవై రోజుల తరవాత మస్తాను రోడ్డు దాటి వచ్చాడు. వచ్చి, గుమ్మంలోనే ఆగి, ఆమెను ఏమనాలో తెలియక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. బసవపున్నమ్మ అతని వైపు చూడలేదు. చూస్తే అధికారి ముందు ఏడుపొస్తుందని భయం.

సుకన్య కొత్త పత్రం టైపు మిషనులో పెట్టింది. "వరసకు మూలము ఏమిటి?" అని అడిగింది.

"మా అమ్మ ఖాసింబీ ఈవిణ్ణి అక్కా అనేది మేడం," అన్నాడు మస్తాను.

సత్యప్రసాదు గారు చటుక్కున తలెత్తారు. పొద్దుటినుంచి మొదటిసారి ఆయన ముఖంలో రక్తం కదిలింది. "ఆగుము. తల్లికి అక్క అయినచో నీకు ఏమగును?"

మస్తాను నేల చూశాడు.

"చెప్పవేమి? తల్లికి అక్క పెద్దమ్మ. పిన్ని ఎట్లయినది?"

"మొదటిరోజు పెద్దమ్మా అనే అన్నాను సార్," అన్నాడు మస్తాను. "అంటే సామాను ఎత్తనీలేదు. అప్పటికి ఆమెకు యాభై కూడా నిండలేదు సార్. మర్నాడు పిన్నీ అన్నాను. ఎత్తనిచ్చింది."

గదిలో ఎవరూ నవ్వలేదు. ఏసోబు మాత్రం గోడ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి.

"తక్కువ వయసు వరసను వాడి వయోధికురాలిని సంతోషపెట్టి పని పొందినాడు," అన్నారు సత్యప్రసాదు గారు. మామూలు రోజైతే దాని మీద ఇంకో నెల విచారణ నడిపించేవారు. కానీ కిటికీలోంచి జీపు కనిపిస్తోంది. "సరే. పోనిమ్ము. క్రమబద్ధము చేయునది మూలవరసను మాత్రమే. పెద్దమ్మ అని పత్రము ఇచ్చెదము. వయోధిక పౌరురాలు గారు ఈ క్రింద సంతకము చేసి ఒప్పుకొనవలెను. సంతకము లేనిదే బండి విడుదల లేదు."

కాగితం బసవపున్నమ్మ ముందుకు వచ్చింది. ఆమె వేలు పెట్టి చదివింది. నే-ను స-ద-రు మస్తాన్ వలికి పె-ద్ద-మ్మ-న-గు-దు-న-ని ఇందుమూలముగా అంగీకరించుచున్నాను.

ఇంకోసారి చదివింది. వేరే మాట ఏమైనా దొరుకుతుందేమోనని మూడోసారి చదివింది. ఇరవై రెండేళ్ళుగా ఎన్ని గంగాళాలకు సొట్టలు పడ్డాయో, ఎన్ని గరిటెల కాడలు ఊడాయో అన్నీ చూసింది గానీ, తను మాత్రం ఆ మూకుడు ఎత్తిన పొద్దుటి పిన్నిగానే ఉంది. ఇప్పుడు ముద్ర వేసిన కాగితం మీద పెద్దదైపోవాలి.

"వద్దులే," అన్నాడు మస్తాను మెల్లగా. "బండి పోతే పోనీ. కూలికి వేరే బండి తోలుకుంటాను."

"నువ్వు నోరుముయ్," అని, ఒక్కొక్క అక్షరం ఒత్తి రాస్తూ సంతకం పెట్టింది.

*

ఏసోబు ఆటో అద్దం మీది కాగితాన్ని నీళ్ళతో తడిపి గీకాడు. సగం వచ్చింది. "ప్రలోభ" అన్నంతవరకు అద్దానికే ఉండిపోయింది. మస్తాను ముందు సీటు తుడిచి ఆమెను ఎక్కించుకున్నాడు. బండి మొదట దగ్గింది, తరవాత కదిలింది.

దారంతా మస్తాను నోరు మెదపలేదు. జేబులో కొత్త పత్రం, దాని మీద గుండ్రటి ముద్ర. కల్వర్టు వచ్చింది. సున్నపు గీత చక్రాల కింద పడి వెనక్కి పోయింది. టీకొట్టు దగ్గర ఎవరో ఈల వేశారు. బసవపున్నమ్మ ఎదురుచూస్తోంది. ఇరవై రోజులుగా వీధి ఆ చివరనుంచి అరుపులు విని విని చెవులు వాచిపోయాయి. ఇప్పుడు మూరెడు దూరంలో ఉండి మాట్లాడడేం?

కొట్టు ముందు బండి ఆగింది. మస్తాను దిగి ఇటువైపు వచ్చి చెయ్యి అందించాడు. జేబు ఒకసారి తడుముకున్నాడు.

"దిగు, పెద్దమ్మా."

బసవపున్నమ్మ చెయ్యి ఇవ్వలేదు. సీటు మీదినుంచి కదలలేదు.

"ఏమన్నావు?"

"కాగితంలో అట్లా ఉంది గదా..."

"కాగితం సర్కారు వాళ్ళకు. ఇంకోసారి ఆ మాట నా చెవిన పడిందంటే, వాళ్ళూ వీళ్ళూ కాదు, నేనే పోయి నీ మీద కేసు పెడతా."

మస్తాను అటూ ఇటూ చూశాడు. వీధిలో ఆకుపచ్చ చొక్కా ఏదీ కనపడలేదు.

"ఏ నిబంధన కింద, పిన్నీ?" అన్నాడు.

ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి దిగింది.